సింధు పరీక్షకు బెంగళూరు దారిలో

ఏప్రిల్ మొదటి మంగళవారం, ఇంకా పూర్తిగా వెలుతురు రాకముందే, కంబదూరు పోయే ఆటోలో నేనూ నా మనవరాలు సింధూ కూర్చున్నాం. సింధుకు ఎనిమిదేళ్ళు. మేము పోతున్నది బెంగళూరులోని ఒక పిల్లల ఆసుపత్రికి, మెదడుకు రక్తం మోసే నాళాలను పరీక్ష చేయించడానికి. సింధుకున్న జబ్బే ఉన్న పిల్లలను తీసుకుని ఈ దారిన ఇంకెవరైనా పోవాల్సి రావచ్చు. అందుకని బస్సులు, రైళ్ళు, భోజనం, బస, అన్నీ జరిగిన వరుసలోనే రాస్తున్నాను. నేను చేసినట్టు వాళ్ళు చేయకుండా ఉండాలని కూడా రాస్తున్నాను.

సింధుకు సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి గట్టిపడి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోట నొప్పి. మా తండా పిల్లలందరికీ బడిలో రక్తపరీక్షలు చేసినప్పుడు బయటపడింది. అప్పటిదాకా ఆ కాళ్ళ నొప్పులు ఎదిగే పిల్లలకు మామూలే అనుకున్నాం. అనంతపురంలో డాక్టరు రోజూ వేసే మందు రాసిచ్చాడు. నీళ్ళు బాగా తాగించమన్నాడు. ఎండ, చలి, జ్వరం, మూడింటికీ భయపడమన్నాడు. మార్చిలో చూపించినప్పుడు మాత్రం కొత్త మాట చెప్పాడు.

"ఈ జబ్బున్న పిల్లలకు పక్షవాతం రావచ్చు. ముసలివాళ్ళకు వచ్చేదే, ఐదారేళ్ళ పిల్లలకు కూడా వస్తుంది. అయితే వచ్చేదాకా కాచుకోనక్కర లేదు. మెదడు నాళాల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష ఉంది. సూది లేదు, నొప్పి లేదు. రెండేళ్ళ వయసు నుంచి ఏడాదికోసారి చేయించాలి. ఇప్పటికే ఆలస్యమైంది."

"వేగంగా పోతే మంచిదే కదా సార్?" అన్నాను. బస్సు డిపోలో టైములు చూసే కంట్రోలరుగా ముప్పై ఏళ్ళకు పైగా పని చేసినవాడిని. వేగం తక్కువైతేనే నాకు బాధ.

ఆయన నవ్వాడు. "మీ ఊరికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది కదా. పైపు మూతి వేలితో నొక్కితే నీళ్ళు ఏమవుతాయి?"

"దూరంగా చిమ్ముతాయి."

"అదే. నాళం ఇరుకైతే రక్తం జోరుగా పోతుంది. జోరు ఎక్కువుంటే, ఆ నాళం ఎప్పుడైనా మూసుకుపోవచ్చని అర్థం. ముందే తెలిస్తే ఆపడానికి దారి ఉంది."

నా కొడుకు లారీ మీద ఎక్కడో గుజరాత్ వైపు ఉన్నాడు. కోడలు బాలింత. కాబట్టి నేనే తీసుకుపోతానన్నాను. ప్రయాణాలు నాకు కొత్తవి కావు. ముందురోజే సంచి సర్దాను: రిపోర్టులు, మందులు, రెండు జతల బట్టలు, దుప్పటి, మంచినీళ్ళ సీసా.

ఆ సీసా గురించి ఇక్కడే చెప్పాలి. మా ఇంట్లో ప్రయాణానికి ఒక పద్ధతి ఉంది. బయలుదేరే ముందు నీళ్ళు తాగరాదు. దారిలో గొంతు తడుపుకుంటే చాలు. దిగిన తర్వాత తాగొచ్చు. నేను పెట్టిన పద్ధతే. మా వైపు బస్టాండుల్లో ఆడపిల్లలు పోగలిగిన మరుగుదొడ్డి ఎక్కడుందని? బస్సు ఆపమంటే పదిమంది చూస్తారు, టైము పోతుంది. సింధుకు కూడా చిన్నప్పటి నుంచీ అదే అలవాటు చేశాను. డాక్టరు చెప్పిన నీళ్ళు ఇంటి దగ్గర లెక్క ప్రకారం తాగిస్తూనే ఉన్నాను. అది ప్రయాణానికీ వర్తిస్తుందని నాకు తట్టలేదు. ఒక పూటే కదా అనుకున్నాను.

కంబదూరులో ఐదుంబావుకు బస్సు దొరికింది. ఆరింటికి కళ్యాణదుర్గం. బస్టాండు ఎదురు హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బజ్జీ సింధుకు వద్దన్నాను గానీ ఒకటి తీసుకుంది. కారానికి గ్లాసు ఎత్తింది. సగం తాగగానే "చాలు నాన్నా, ఇంకా రెండు బస్సులుండాయి" అన్నాను. వెంటనే గ్లాసు దించేసింది. మంచి పిల్ల, చెప్పిన మాట వింటుంది అనుకున్నాను.

అనంతపురం చేరేసరికి పావు తక్కువ ఎనిమిది. ఎనిమిదింటి బెంగళూరు బస్సు కండక్టరు నన్ను గుర్తుపట్టాడు. ఒకప్పుడు నా కింద పని చేసిన కుర్రాడే, ఇప్పుడు మీసం నెరిసింది.

"కంట్రోలర్ సారూ! ఈ పక్క కూర్చోండి, ఎండ పడదు. పాపకు యాడన్నా ఆపాల్నంటే మొగమాటపడొద్దు, ఒక కేక వేయండి."

"మా పిల్లకు ఆ పని ఉండదులే. పెనుకొండ టైముకు దాటించు, చాలు" అన్నాను. బస్సులో నలుగురు వినేలాగే అన్నాను.

ఊరు దాటాక రెండువైపులా ఎండిపోయిన వేరుశనగ పొలాలు, రాళ్ళగుట్టలు, అక్కడక్కడా చీనీ బత్తాయి తోటలు. ఎనిమిదిన్నరకే గాలి వేడెక్కింది. రాప్తాడు దగ్గర ఒక ముసలావిడ ఎక్కి మా సీటులోనే మూడో మనిషిగా సర్దుకుంది. ఒళ్ళో మజ్జిగ క్యాను. పెనుకొండలో కూతురింటికి పోతోందట. కాసేపు సింధును చూసి, క్యాను మూతలో మజ్జిగ వంచి అందించింది.

"తాగు పాపా. నోరు చూడు ఎట్ల ఎండిపోయిండాదో."

సింధు నా వైపు చూసింది. "వద్దమ్మా, ప్రయాణంలో తాగే అలవాటు లేదు దానికి. మా ఊరి నుంచి బెంగళూరు దాకా ఒక్కసారి కూడా దిగదు" అన్నాను.

"ఏమప్పా, బిడ్డను పెంచుతాండావా, ఒంటెను పెంచుతాండావా?"

ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. అందులో నాకు పొగడ్తే వినపడింది. ముసలావిడ ఆ మూతెడు మజ్జిగ తనే తాగి, పెనుకొండలో దిగేటప్పుడు సింధు బుగ్గ నిమిరి పోయింది.

కొడికొండ దాటాక ఒక దాబా దగ్గర టీ కోసం ఆపారు. నేను దిగి టీ తాగాను. సింధును దిగమంటే తల అడ్డంగా ఊపింది. నేను తిరిగి ఎక్కేసరికి చెప్పులు విడిచి, కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, మోకాలి కింద ఎముకను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

"నొస్తాండాదా?"

"లేదు తాతా. ఇంకెంతసేపు?"

"రెండు గంటలు."

"సరే" అంది. బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి హెబ్బాళ వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కునేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. నిద్రపోతోందనుకున్నాను. పన్నెండున్నరకు దిగుదామని చేయి పట్టుకుంటే కాలిపోతోంది. నిలబడలేకపోయింది. అప్పుడు సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి ఇచ్చాను. సీసా పూర్తయ్యేదాకా నోటి నుంచి తీయలేదు. తాగినదంతా రోడ్డు పక్కన కక్కింది. ఆటోలో ఆసుపత్రి దాకా ఒళ్ళో పడుకోబెట్టుకుని పోయాను.

మాకు రెండు గంటలకు రమ్మని టైము ఇచ్చారు. ఒంటిగంటకే చేరాం గానీ పరీక్ష గదికి కాదు, ఎమర్జెన్సీకి తీసుకుపోయారు. డాక్టరమ్మది హిందూపురం వైపట, తెలుగు బాగా మాట్లాడింది. సింధు నాలుక చూసింది, చేతి మీద చర్మం గిల్లి వదిలింది.

"పొద్దున్నుంచి నీళ్ళు తాగినావా పాపా?"

"తాగినా మేడం. శానా తాగినా. తాతనే తాపించినాడు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. పిల్ల నొప్పితో వణుకుతూ నన్ను కాపాడుతోంది. నేను కాపాడించుకుంటున్నాను.

డాక్టరమ్మ నా ముఖం చూసి మళ్ళీ సింధునే అడిగింది. "సరే. ఒంటికి ఎప్పుడు పోయినావు?"

"ఇంట్లో పోయినా."

"దారిలో?"

"పోలేదు. మేము పోము."

గదిలో ఉన్న ఇద్దరు నర్సులకు కూడా విషయం అర్థమైపోయింది. డాక్టరమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె సెలైను పెట్టమని చెప్పి, నొప్పికి మందు రాసి, తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"నీళ్ళు తక్కువైతే ఈ కణాలు ఇంకా గట్టిగా వంగి అతుక్కుంటాయి. ఎండ, జ్వరం, దాహం మూడూ కలిసి ఈ నొప్పి తెచ్చాయి. ఈరోజు తల పరీక్ష చేయను. పిల్ల ఇట్లా ఉన్నప్పుడు కొలిస్తే ఆ అంకెను నమ్మలేం. ముందు తేరుకోనివ్వండి. కొన్ని వారాలయ్యాక, ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకురండి."

"ఈ కొన్ని వారాల్లో ఏమీ కాదు కదమ్మా?"

"కాకూడదనే కోరుకుందాం. చేయిగానీ కాలుగానీ ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, తలనొప్పితో కుప్పకూలినా క్షణం ఆగవద్దు. తగ్గుతుందేమో చూద్దామని ఇంట్లో ఉండవద్దు."

ఇంత దూరం ఏ పరీక్ష కోసం వచ్చామో అది నా వల్లనే జరగలేదు. అది తేలేదాకా పిల్ల తలలో ఏముందో ఎవరికీ తెలియదు.

మూడు రోజులు వార్డులో ఉన్నాం. పిల్లల పక్కన ఒక మనిషి ఉండొచ్చు, కుర్చీలోనే పడుకోవాలి. స్నానానికి కింద అంతస్తులో గది ఉంది. క్యాంటీనులో అన్నం, సాంబారు దొరుకుతాయి. రాగిసంగటి ముద్ద కావాలంటే గేటు బయట బండి దగ్గరికి పోవాలి. మా పక్క మంచం నాగమణి అనే ఆమెది. చిలమత్తూరు దగ్గర పల్లె. పూలు కట్టి అమ్ముతుంది. కూతురు భవానికి పదకొండేళ్ళు, అదే జబ్బు. భవాని కుడిచెయ్యి మణికట్టు దగ్గర లోపలికి వంగి, వేళ్ళు ముడుచుకుపోయి ఉంది. రక్తం ఎక్కించడానికి నెలనెలా వస్తారట.

రెండోరోజు సింధుకు నొప్పి కొంచెం తగ్గింది. భవాని ఎడమచేత్తో కాగితం మీద గళ్ళు గీసి, ఆట నేర్పుతోంది. సింధు ఆడుతూనే ఆ ముడుచుకున్న చేతిని చూస్తోంది.

"ఎట్లయినాది అక్కా?"

"ఆరేళ్ళప్పుడు. ఒకనాడు పొద్దున్నే చెయ్యి ఎత్తబోతే రాలేదు" అంది భవాని, గళ్ళ మీద నుంచి తల ఎత్తకుండానే. "నీ వంతు."

నాగమణి నాతో చెప్పింది. "బడికి జడ వేస్తాంటే ఒక పక్కకి ఒరిగిపోయినాది అన్నా. ఊరికే నాటకం చేస్తాండావా అని ఒక దెబ్బ గూడా వేసినా. మొగం నా పక్కకి తిప్పి చూస్తే మూతి వంకర పోయిండాది, అప్పుడు తెలిసినాది. ఇట్ల పరీక్ష ఒకటుండాదని, ముందే చూసుకోవచ్చని మాకు ఎవురూ చెప్పలేదు. చెప్పింటే చెవుల కమ్మలు అమ్ముకోనైనా పాపను తెచ్చింటాం. నీకు చెప్పినారా?"

"చెప్పినారమ్మా."

"నీళ్ళు తాపాలని?" మేము ఎట్లా వచ్చామో ఆమె నర్సుల దగ్గర వినే ఉంది.

"అదీ చెప్పినారు."

"చెప్తే గూడా ఎండబెట్టి తోలుకొచ్చినావా? యాడి మనిషివప్పా నువ్వు!"

వార్డులో అటు చివరి మంచం దాకా వినపడింది. నేను తల వంచుకున్నాను. కాసేపటికి ఆమె కిందికి పోయి రెండు కాఫీలు తెచ్చి, ఒకటి నా పక్కన కిటికీ అరుగు మీద పెట్టింది. ఆ కాఫీ తాగడానికి నాకు చాలాసేపు పట్టింది.

శుక్రవారం పంపించారు. మే మొదటివారంలో రమ్మని టైము ఇచ్చారు. ఇంటికి వచ్చాక జరిగింది నా భార్య శాంతమ్మకు చెప్పాను. ఏదీ దాచలేదు. ఆమె బియ్యం ఏరుతూ విని, చేట పక్కన పెట్టింది.

"పెండ్లయినప్పటి సంది నేను గూడా అంతే కదా. బస్సెక్కితే నాకు దప్పిక కాదనుకుంటివా?"

"ఎప్పుడూ అడగలేదే నువ్వు."

"అడిగితే కదా నీ మొగం చూడాల్సొచ్చేది" అని మళ్ళీ చేట అందుకుంది.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో రాయడం కష్టం. పొద్దున సింధు లేచిన వెంటనే రెండు చేతులూ ఎత్తమనేవాడిని. నవ్వమనేవాడిని. పేరు చెప్పమనేవాడిని. మొదట్లో ఆటనుకుని నవ్వింది. తర్వాత అడగకముందే నా దగ్గరికొచ్చి రెండు చేతులూ ఎత్తి, పళ్ళన్నీ చూపించి, "సింధు" అని చెప్పి పోయేది.

రెండోసారి బస్సు వద్దని రైలు పెట్టుకున్నాను. ఈ దారిన పిల్లలతో పోయేవాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే. కళ్యాణదుర్గం నుంచి ధర్మవరానికి బస్సులున్నాయి. ధర్మవరం నుంచి బెంగళూరుకు పొద్దుటి రైలు ఎక్కితే మధ్యాహ్నానికి ముందే చేరవచ్చు. పెట్టెలోనే మరుగుదొడ్డి ఉంటుంది. ముందురోజు మధ్యాహ్నమే ధర్మవరం చేరి స్టేషను దగ్గర లాడ్జిలో ఉన్నాం. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. కింద వీధిలో మగ్గాల చప్పుడు. లాడ్జి ఎదురింటి అరుగు మీద ఒకాయన పట్టుచీర మడతలు సరిచేస్తుంటే సింధు అక్కడే నిలబడి చూసింది. "కడతావా పాపా?" అని ఆయన అడిగితే, "మా యమ్మకు" అంది.

రైల్లో మూడు సీసాల నీళ్ళు, రెండు మజ్జిగ ప్యాకెట్లు పెట్టుకున్నాను. స్టేషను వచ్చినప్పుడల్లా తాగించాను. పెనుకొండలో తాగింది. హిందూపురంలో తాగింది. గౌరిబిదనూరులో సీసా ఇస్తే "ఇంక పట్టదు తాతా" అంది. ఎదురు సీటులో పట్టుదారం మూటతో కూర్చున్నాయన, "ఏమన్నా, రైలింజనుకు నీళ్ళు పట్టినట్ల పడతాండావే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. నేను గమనించింది వేరే. ఇస్తే తాగుతోంది. బాత్రూముకు పోయిరా అంటే పోయొస్తోంది. తనంతట తాను ఒక్కసారి కూడా అడగలేదు.

పరీక్ష పదకొండు గంటలకు మొదలైంది. పిల్లలు మెలకువగా ఉండాలి, కదలకూడదు, ఏడవకూడదు. గదిలో వెలుతురు తగ్గించి, గోడ మీది టీవీలో బొమ్మల సినిమా పెట్టారు. సింధును పడుకోబెట్టి కణతల దగ్గర చల్లటి జిగురు రాసి, పెన్సిలంత పరికరం ఆనించారు. తెర మీద కొండల వరుసలా గీతలు లేచాయి. దాంతోపాటే చప్పుడు వినపడింది. ష్షూ, ష్షూ, ష్షూ. సింధు కళ్ళు టీవీ నుంచి పక్కకు తిరిగాయి.

"అది నా రక్తమా?"

"నీదే. కదలొద్దు బంగారం" అంది డాక్టరమ్మ.

ఎడమవైపు త్వరగానే అయింది. కుడివైపు చాలాసేపు చూసింది. పరికరం కొంచెం జరిపి మళ్ళీ చూసింది. అక్కడ చప్పుడు సన్నగా, పదునుగా ఉంది. ట్యాంకరు పైపు మూతి నొక్కితే వచ్చే చప్పుడే. ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. సింధును బయటికి పంపమంటారా అని అడిగాను. "వద్దు, తనకూ తెలియాలి" అంది. "రక్తం వేగం సెకనుకు రెండు వందల సెంటీమీటర్లు దాటకూడదు. ఎడమవైపు బాగుంది. కుడివైపు దాటింది. చాలా ఎక్కువేమీ కాదు, కానీ దాటింది. రెండు వారాల్లో ఇంకోసారి కొలిచి రూఢి చేసుకుంటాను. అప్పుడూ ఇలాగే ఉంటే నెలనెలా రక్తం ఎక్కించాలి. మంచి రక్తం ఎక్కితే వంగే కణాల శాతం తగ్గుతుంది, పక్షవాతం వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కించే రక్తం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దానికీ మందుంది. రక్తం అనంతపురంలోనే ఎక్కించవచ్చు. నేను వాళ్ళకు రాసిస్తాను."

"ఏప్రిల్‌లోనే తెలిసి ఉంటే..."

"ఏప్రిల్‌లో తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. ఈలోపు ఏమీ జరగలేదు. అంతవరకు మీ అదృష్టం" అంది.

ఆమె ఓదార్పుగానే అంది. నాకు మాత్రం ఆ మాట తలెత్తుకోలేనట్టు చేసింది. నా డ్యూటీలో ఒక్క బస్సునూ అదృష్టం మీద వదిలినవాడిని కాదు. మనవరాలిని వదిలాను.

తిరుగు రైలు సాయంత్రం. జనం తక్కువే. యలహంకలో ఇడ్లీ పొట్లాలు కొన్నాను. ఎండ పడమటి కిటికీల నుంచి అడ్డంగా పెట్టెలోకి వస్తోంది. సింధు ఇడ్లీ తిని, చేయి కడుక్కుని వచ్చి, తడిచేతినే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"తాతా, నా చెయ్యి భవాని అక్క చెయ్యి మాదిరి అయితాదా?"

"కాకుండా ఉండేదానికే నెలనెలా పోయేది. భవానికి ముందుగా తెలీలేదు. నీకు తెలిసినాది."

"సూది పెద్దదా?"

"కొంచెం నొస్తాది."

తల ఊపింది. గౌరిబిదనూరు దాటింది. బయట నల్లరాళ్ళ గుట్టల మీద వెలుతురు పల్చబడుతోంది. సీసా ఇచ్చాను, రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చింది.

"నెలనెలా నువ్వే వస్తావా?"

"నేనే వస్తా. నాకింక వేరే పనేముండాది?"

కాళ్ళు ఊపుతూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండా, "అవ్వ వస్తే కాదా?" అంది.

"అవ్వకు అనంతపురంలో దారి తెలీదు కదా నాన్నా."

"నేను చూపిస్తా. అవ్వనైతే అడగొచ్చు."

"ఏమడగొచ్చు?"

"ఏదైనా. నీళ్ళు కావాలని. ఒంటికి పోవాలని. కాలు నొస్తాండాదని."

"నన్ను అడగకూడదా? ఇప్పుడు నేను ఏమీ అననే."

సింధు ఆలోచించింది. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తోందని ముఖం చూస్తే తెలుస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ పని పెట్టాను నేను.

"అనవు. కానీ అడిగితే నువ్వు ముందు గడియారం చూస్తావు తాతా."

గడియారమున్న నా ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కుడిచెయ్యి వేసుకున్నాను. నిజమే. ఆరోజు దాబా దగ్గర ఇంకెంతసేపు అని అడిగినప్పుడు కూడా పిల్ల ముఖం చూడలేదు నేను.

"సరే. అవ్వనే వస్తాది" అన్నాను. "మరి నేనేం చేయాల?"

దానికి సమాధానం సిద్ధంగానే ఉంది. "నువ్వు బస్టాండు దాకా రా. బస్సు ఆగకముందే కిటికీలోంచి టువాలేసి మాకు సీటు పట్టియ్యి. అవ్వకు తోపులాట చేతగాదు."

"పట్టిస్తా."

"ముందు సీటు. డ్రైవరుకు వినపడేంత దగ్గర. ఆపమంటే ఆపాల."

"అట్లే."

హిందూపురం వచ్చింది. ప్లాట్‌ఫారం మీద మల్లెపూల బుట్టలు దించుతున్నారు. సింధు బోగీ చివరిదాకా పోయి బాత్రూముకు వెళ్ళొచ్చింది. నేను చెప్పకముందే పోయింది. అయితే నన్ను అడగలేదు, చెప్పలేదు కూడా. తిరిగి వచ్చి నా భుజానికి ఆనుకుని పడుకుంది. పెనుకొండ దాకా నేను కదలలేదు.

ఇంటికి చేరాక శాంతమ్మకు అనంతపురం ఆసుపత్రికి పోయే దారి కాగితం మీద గీసి ఇచ్చాను. చదవడం రాదు కాబట్టి గుర్తులు పెట్టాను: బస్టాండు, గడియారస్తంభం, పూలంగళ్ళు, గేటు. ఆమె చూసి, "ఇదంతా సింధుకు తెలుసులే" అని మడిచి కొంగున కట్టుకుంది. రెండు వారాల తర్వాత బెంగళూరుకు కూడా వాళ్ళిద్దరే పోతారు. ధర్మవరం బస్సుకు సీటు పట్టిచ్చి, నేను కిందికి దిగి నిలబడతాను.